వేడికి పోయే చోటు కావాలి

గుంటూరు నుంచి నంద్యాల వెళ్ళే రైలు దారిలో, సగానికి కాస్త ముందు, దొనకొండ వస్తుంది. 19వ శతాబ్దం చివర్లో పడిన మీటర్ గేజి లైను ఇది. సదరన్ మరాఠా రైల్వే దీన్ని నడిపింది. 1908లో ఆ కంపెనీ మద్రాసు రైల్వేతో కలిసి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే అయింది. 1990లలో బ్రాడ్ గేజి వచ్చేదాకా ఊరి బతుకంతా రైలు చుట్టూనే తిరిగేది. ఇక్కడ ఆవిరి ఇంజన్ల లోకో షెడ్డు ఉండేది, దాన్ని ఆనుకుని రైల్వే క్వార్టర్లుండేవి. మెట్ట పొలాల మధ్య చిన్న ఊరికి అంత వైభవం ఎందుకొచ్చిందంటే, ఆవిరి ఇంజను ఏకబిగిన దూరం పోలేదు. వంద కిలోమీటర్లు నడిచేసరికి తొట్టిలో నీళ్ళు అడుగంటుతాయి, ఫైర్‌బాక్స్‌లో బూడిద, చిట్టెం పేరుకుపోతాయి, బొగ్గు పారబోసి పారబోసి ఫైర్‌మన్ నడుం పడిపోతుంది. ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు.

బొగ్గు అయిపోవడం అందరికీ అర్థమవుతుంది. నీళ్ళు ఎందుకు అయిపోవాలి? బాయిలర్‌లో మరిగిన నీళ్ళు ఆవిరై పిస్టన్‌ను తోశాక, ఆ ఆవిరిని పట్టి మళ్ళీ బాయిలర్‌లోకే పంపవచ్చు కదా? ఇంజను దాన్ని పొగగొట్టంలోంచి ఆకాశంలోకి వదిలేస్తుంది. చుక్ చుక్ అని మనం ముచ్చటగా చెప్పుకునే చప్పుడు అదే. అప్పటికీ ఆ ఆవిరిలో బోలెడు వేడి ఉంటుంది. నీటి ఎద్దడి ఉన్న పడమటి ప్రకాశంలో, ప్రతి ఇంజనూ టన్నులకొద్దీ నీళ్ళను గాలికి ఇచ్చేసి పోయింది. అది పిచ్చితనం కాదని, వేడితో పనిచేసే ఏ యంత్రమైనా కొంత వేడిని వదిలి తీరాలని చెప్పేదే ఉష్ణగతిక శాస్త్రం రెండో నియమం. ఇంటర్ మొదటి సంవత్సరంలో ఈ పాఠం చదివి, ఈఏపీసెట్‌కో జేఈఈకో సిద్ధమయ్యే పిల్లల్లో చాలామందికి సూత్రాలు వస్తాయి, ఇది మాత్రం అందదు. నా దృష్టిలో ఆ పాఠం మొత్తానికి ప్రాణం ఇదే. తక్కినవన్నీ ఇక్కడికి చేరడానికి మెట్లు.

మొదటి మెట్టు ఉష్ణానికీ ఉష్ణోగ్రతకూ ఉన్న తేడా. దొనకొండకు పడమటి పక్కనున్న మార్కాపురం పలకలకు పేరు. మనలో ఎందరో అక్షరాలు దిద్దింది ఆ రాతి మీదే. అర కిలో పలకరాయినీ, అర లీటరు నీళ్ళనీ పక్కపక్కన పెట్టి రెండింటికీ ఒకే పరిమాణంలో ఉష్ణం ఇవ్వండి. నీళ్ళు 4 డిగ్రీలు వేడెక్కితే రాయి సుమారు 20 డిగ్రీలు వేడెక్కుతుంది. నీటి విశిష్టోష్ణం గ్రాముకు, డిగ్రీకి ఒక కెలోరీ, అంటే దాదాపు 4.2 జౌళ్ళు. రాతిది అందులో అయిదో వంతు లోపే. మే నెల మధ్యాహ్నం పలకల గని దగ్గర రాయి మీద కాలు పెట్టలేకపోయినా, పక్క గుంటలోని నీళ్ళు గోరువెచ్చగా ఉండి ఊరుకోవడానికి ఇదొక పెద్ద కారణం. అదే రాయి పొద్దుగూకాక తొందరగా చల్లారుతుంది కూడా. వేడెక్కడానికి తక్కువ తీసుకున్నది చల్లారడానికి తక్కువే వదలాలి.

కాబట్టి ఎక్కువ ఉష్ణోగ్రత ఉన్న వస్తువులో ఎక్కువ ఉష్ణం ఉందనుకోవడం తప్పు. అసలు వస్తువులో ఉష్ణం "ఉంటుంది" అనడమే పొరపాటు. వస్తువులో ఉండేది అంతర్గత శక్తి, అంటే అణువుల కదలికలూ వాటి మధ్య బంధాలూ కలిసిన శక్తి. ఉష్ణోగ్రతల తేడా వల్ల ఒక వస్తువు నుంచి మరొకదానికి దాటుతున్న శక్తికే ఉష్ణం అని పేరు. దాటడం ఆగిపోతే, అంటే రెండింటి ఉష్ణోగ్రతలూ సమానమైతే, ఉష్ణం అన్న మాటకు అక్కడ పని లేదు. థర్మామీటరు పనిచేసేదీ ఈ నమ్మకం మీదే. థర్మామీటరుతో సమతాస్థితిలో ఉన్న రెండు వస్తువులు తమలో తాము కూడా సమతాస్థితిలో ఉంటాయన్నది శూన్యాంక నియమం. మిగతా నియమాలు స్థిరపడ్డాక గానీ దాని అవసరం ఎవరికీ తట్టలేదు. అందుకే ఒకటికి ముందున్న అంకె దానికి దక్కింది.

పట్టాల దగ్గర కాసేపు ఆగాలి. ఎందుకంటే ప్రవేశ పరీక్షల్లో పిల్లలు తరచూ పోగొట్టుకునే మార్కు ఒకటి ఇక్కడుంది. ఉక్కు దైర్ఘ్య వ్యాకోచ గుణకం డిగ్రీకి లక్షలో 1.2 వంతు. మీటర్ గేజి నాటి 12 మీటర్ల పట్టా, చలికాలం తెల్లవారుజామున 18 డిగ్రీలున్నది, ఎండాకాలం మధ్యాహ్నం 62 డిగ్రీలకు చేరితే 6 మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. (ఎండలో పట్టా ఉష్ణోగ్రత గాలి ఉష్ణోగ్రత కంటే చాలా ఎక్కువ.) అందుకే పట్టాల మధ్య సందు వదిలేవారు. చక్రాలు ఆ సందులు దాటే టకటకే పాతకాలపు రైలు ప్రయాణానికి తాళం. ఇప్పటి లైన్లలో పట్టాలను కిలోమీటర్ల పొడవున అతికేస్తున్నారు. మరి సాగడానికి చోటేదీ? లేదు. స్లీపర్లూ క్లిప్పులూ కంకరా కలిసి పట్టాను సాగనివ్వవు. సాగలేని పట్టాలో ఒత్తిడి పుడుతుంది. యంగ్ గుణకాన్ని వ్యాకోచ గుణకంతోనూ, ఉష్ణోగ్రత పెరుగుదలతోనూ గుణిస్తే ఆ ఒత్తిడి వస్తుంది. మీటరుకు 60 కిలోలు తూగే పట్టా అడ్డుకోత వైశాల్యం సుమారు 77 చదరపు సెంటీమీటర్లు. బిగించిన నాటి ఉష్ణోగ్రత కంటే 20 డిగ్రీలు పెరిగితే చాలు, ఆ పట్టాలో దాదాపు 37 టన్నుల బరువుకు సమానమైన బలం పేరుకుంటుంది.

ఇందులో పొడవు ఎక్కడా లేదని గమనించారా? పది మీటర్ల పట్టా అయినా పది కిలోమీటర్ల పట్టా అయినా బలం ఒకటే. లెక్కలో పొడవు ఇచ్చారని దాన్ని ఎక్కడో ఇరికించబోయి చాలామంది తప్పు చేస్తారు. ఎండలు ముదిరినప్పుడు పట్టాలు పక్కకు వంగిపోకుండా చూడటానికి గ్యాంగ్‌మన్‌లు నడినెత్తిన సూర్యుణ్ణి పెట్టుకుని లైను వెంట నడుస్తారు. వాళ్ళు కాపలా కాసేది ఈ 37 టన్నుల్నే.

ఇక బాయిలర్. దేశంలో మీటర్ గేజి మీద విరివిగా నడిచిన వైపీ, వైజీ తరగతి ఇంజన్ల బాయిలర్ పీడనం చదరపు అంగుళానికి 210 పౌండ్లు, అంటే వాతావరణ పీడనానికి పద్నాలుగు రెట్ల పైన. అంత పీడనం కింద నీరు 100 డిగ్రీల దగ్గర మరగదు, దాదాపు 200 డిగ్రీల దగ్గర మరుగుతుంది. వంటింట్లో ప్రెషర్ కుక్కర్ చేసేదీ ఇదే, కాకపోతే అక్కడ 120 డిగ్రీల దగ్గరే ఆగుతుంది.

మరగడం మొదలయ్యాక ఎంత మంట పెట్టినా, పీడనం మారనంతవరకు ఉష్ణోగ్రత కదలదు. 1760ల మొదట్లో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ అనే రసాయన శాస్త్రవేత్త ఈ సంగతిని కొలిచి చూపించాడు. థర్మామీటరుకు దొరకకుండా లోపలికి పోయే ఆ వేడే గుప్తోష్ణం. 100 డిగ్రీల దగ్గర ఒక గ్రాము నీటిని ఆవిరి చెయ్యడానికి 540 కెలోరీలు కావాలి. 0 డిగ్రీల నీటిని 100 దాకా తేవడానికి పట్టేవి నూరే. నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు విడిపించడానికే ఈ శక్తి ఖర్చవుతుంది, వాటి వేగం పెంచడానికి కాదు. అందువల్ల ఉష్ణోగ్రత పెరగదు. ఆవిరి కాలితే మరుగునీళ్ళ కంటే ఘోరంగా ఎందుకు కాలుతుందో కూడా ఈ అంకెలే చెబుతాయి. గ్రాము మరుగునీరు చర్మం మీద 37 డిగ్రీలకు చల్లారుతూ 63 కెలోరీలు వదిలితే, గ్రాము ఆవిరి ముందు నీరుగా మారుతూ 540, తర్వాత చల్లారుతూ 63, మొత్తం 603 కెలోరీలు వదులుతుంది. తొమ్మిది రెట్లకు పైన. షెడ్డుల్లో పనిచేసినవాళ్ళు ఆవిరి గొట్టాలంటే ఎందుకంత భయపడేవారో దీన్నిబట్టి ఊహించవచ్చు.

30 డిగ్రీల నీరు కిలో తీసుకుని బాయిలర్ పీడనంలో ఆవిరి చెయ్యడానికి సుమారు 2,660 కిలోజౌళ్ళు పడుతుంది. ఓ మాదిరి రాక్షసిబొగ్గు కిలో కాలిస్తే 21,000 కిలోజౌళ్ళు వస్తాయనుకుందాం. అందులో మూడో వంతు పొగతోనూ, కాలని పొడితోనూ, బాయిలర్ ఒంటి వేడితోనూ పోతుంది. మిగిలినదాన్ని భాగించి చూస్తే కిలో బొగ్గుకు అయిదు కిలోల నీళ్ళు. ఆవిరి ఇంజను బొగ్గు కంటే ముందు నీళ్ళకోసం ఆగడం ఈ లెక్క వల్లే. అందుకే బొగ్గు కుప్పలు పెద్ద స్టేషన్లలో మాత్రమే ఉన్నా, నీళ్ళ గొట్టాలు దారి పొడుగునా నిలబడి ఉండేవి.

ఇప్పుడు మొదటి నియమం. ఇది శక్తి జమాఖర్చు పద్దు. వ్యవస్థకు ఇచ్చిన ఉష్ణం రెండు పద్దుల్లో పడుతుంది: కొంత దాని అంతర్గత శక్తిని పెంచుతుంది, కొంత వ్యవస్థ బయటి ప్రపంచం మీద చేసే పనిగా మారుతుంది. పైసా పుట్టదు, పైసా పోదు. మన పిల్లలు తికమకపడేది చిహ్నాల దగ్గర. భౌతిక శాస్త్రం పుస్తకం వ్యవస్థ చేసిన పనిని ధనంగా తీసుకుంటుంది. రసాయన శాస్త్రం పుస్తకం వ్యవస్థ మీద జరిగిన పనిని ధనంగా తీసుకుంటుంది. అందుకే ఒక పుస్తకంలో అంతర్గత శక్తి మార్పు అంటే ఉష్ణంలోంచి పని తీసివేసినది, రెండో పుస్తకంలో ఉష్ణానికి పని కలిపినది. రెండూ ఒకటే మాట చెబుతున్నాయి. ఇంజన్లు కట్టినవాళ్ళకు తమకెంత పని దక్కిందన్నది ముఖ్యం, రసాయన శాస్త్రజ్ఞులకు బీకరులోకి ఎంత వచ్చిందన్నది ముఖ్యం. పరీక్ష హాల్లో ఏ సబ్జెక్టు ప్రశ్న రాస్తున్నారో ముందు చూసుకుంటే సగం తప్పులు తప్పుతాయి.

ఈ నియమం దగ్గరికి చేరిన మొదటివాళ్ళలో ఒకాయన చేరిన తీరు మనలాంటి ఉష్ణదేశస్తులకు తెలియవలసినది. జర్మనీ వైద్యుడు రాబర్ట్ మేయర్ 1840లో ఓడ డాక్టరుగా జావా వెళ్ళాడు. అక్కడ నావికుల సిరల్లోంచి తీసిన రక్తం, చలిదేశంలో ఉన్నంత నల్లగా లేకుండా, ఎర్రగా కనిపించింది. వేడి దేశంలో ఒంటిని వెచ్చగా ఉంచుకోవడానికి ఎక్కువ ఆహారం మండించనక్కరలేదు, అందుకే రక్తంలో ఆక్సిజన్ మిగిలిపోతోందని ఆయన ఆలోచించాడు. అక్కడినుంచి తిండి, వేడి, ఒంటి పని, అన్నీ ఒకే శక్తికి వేర్వేరు రూపాలన్న భావానికి వచ్చి 1842లో అచ్చు వేశాడు. ఆ దశాబ్దంలోనే, ఇంగ్లండులో బీరు తయారుచేసే కుటుంబానికి చెందిన జేమ్స్ జౌల్, కిందికి దిగే బరువులతో నీటిలో తెడ్లు తిప్పించి, నీరు ఎంత వేడెక్కిందో డిగ్రీలో చిన్న భాగం దాకా కొలిచాడు. ఎంత యాంత్రిక పని చేస్తే ఎంత వేడి పుడుతుందో అంకె తేలింది. కెలోరీకి 4.2 అని మనం బట్టీ పట్టే ఆ అంకె వెనుక అంత ఓపిక ఉంది.

పిస్టన్ దగ్గరికి వద్దాం. రైలు కదిలేటప్పుడు డ్రైవరు పిస్టన్ ప్రయాణంలో ఎక్కువ భాగం ఆవిరిని లోపలికి రానిస్తాడు. వేగం అందుకున్నాక లీవరు వెనక్కి లాగుతాడు. అప్పుడు పిస్టన్ దారిలో పావు వంతు వెళ్ళేసరికే ఆవిరి ద్వారం మూసుకుపోతుంది. మిగతా ముప్పావు దూరం లోపల చిక్కుకున్న ఆవిరి తానే వ్యాకోచిస్తూ పిస్టన్‌ను నెడుతుంది. కొత్త ఉష్ణం అందడానికి వ్యవధి లేదు. అయినా పని జరుగుతోంది. ఆ పని ఎక్కడినుంచి వచ్చింది? ఆవిరి అంతర్గత శక్తిలోంచి. అందుకే వ్యాకోచిస్తున్నకొద్దీ ఆవిరి చల్లబడుతుంది, పీడనం పడిపోతుంది. ఇదే స్థిరోష్ణక వ్యాకోచం. మంచి డ్రైవరుకూ మామూలు డ్రైవరుకూ బొగ్గు ఖర్చులో వచ్చే తేడా చాలావరకు ఈ లీవరు దగ్గరే తేలేది.

పరీక్షకు పనికొచ్చే లెక్క ఒకటి. 27 డిగ్రీల గాలిని, అంటే 300 కెల్విన్ దగ్గరున్నదాన్ని, దాని ఘనపరిమాణంలో సగానికి నొక్కండి. నెమ్మదిగా, వేడి బయటికి పోనిస్తూ నొక్కితే అది సమోష్ణోగ్రతా ప్రక్రియ, పీడనం సరిగ్గా రెట్టింపవుతుంది. ఒక్కసారిగా నొక్కితే స్థిరోష్ణకం. గాలికి గామా (రెండు విశిష్టోష్ణాల నిష్పత్తి) విలువ 1.4 కాబట్టి పీడనం 2.64 రెట్లవుతుంది, ఉష్ణోగ్రత 396 కెల్విన్‌కు, అంటే 123 డిగ్రీలకు ఎగబాకుతుంది. సైకిలు పంపు అడుగు కాలేది ఇందుకే. ఇదే సూత్రం తిరగేస్తే గిద్దలూరు దాటాక రైలు ఎక్కే నల్లమల కొండల గాలి. పైకి లేచే గాలికి చుట్టూ పీడనం తగ్గుతుంది, అది వ్యాకోచిస్తుంది, పని చేస్తుంది, తన శక్తి కోల్పోయి కిలోమీటరుకు సుమారు 9.8 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. తేమ లేకుండా అదే గాలి అవతలి వాలున దిగితే పోయిన డిగ్రీలన్నీ తిరిగొస్తాయి. దారిలో వాన కురిపించి దిగితే ఇంకాస్త ఎక్కువే వస్తాయి, ఎందుకంటే ఆవిరి నీటిచుక్కలుగా మారుతూ తన గుప్తోష్ణాన్ని గాలికి ఇచ్చేసింది. కొండకు ఒకవైపు తడి, రెండోవైపు పొడి సెగ ఉండటం వెనుక ఇంత లెక్క ఉంది.

ఇంతదాకా మొదటి నియమంతోనే నెట్టుకొచ్చాం. ఆ నియమం ఒక్కటే ఉంటే మే నెలలో దొనకొండ చుట్టూ ఉన్న 44 డిగ్రీల గాలిలోంచి వేడి లాగి రైలు నడపవచ్చు. పద్దు సరిపోతుంది, శక్తి ఎక్కడా పుట్టలేదు. కానీ అలా ఏ యంత్రమూ నడవదు. ఎందుకు నడవదో మొదటగా చూసినవాడు సాది కార్నో. ఫ్రెంచి సైన్యంలో ఇంజనీరు. 1824లో, 28 ఏళ్ళ వయసులో, చిన్న పుస్తకం రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1832లో కలరాతో చనిపోయాడు, 36 ఏళ్ళకే. అప్పటికి మొదటి నియమం పుట్టనే లేదు. వేడిని ఒక ద్రవంగా ఊహించుకునే కాలంలో ఉండి కూడా ఆయన అసలు సంగతి పట్టుకున్నాడు: పని పుట్టేది వేడి ఉన్నందువల్ల కాదు, వేడి ఒక ఎక్కువ ఉష్ణోగ్రత నుంచి తక్కువ ఉష్ణోగ్రతకు దిగుతున్నందువల్ల. ఫైర్‌బాక్స్ ఎంత ముఖ్యమో వేడిని వదిలే చల్లని చోటూ అంతే ముఖ్యం. నాకు తెలిసినంతలో భౌతిక శాస్త్రంలో ఇంత తక్కువ సరంజామాతో ఇంత దూరం చూసిన మనిషి ఇంకొకరు లేరు.

ఆ గరిష్ఠ దక్షతను లెక్క కట్టడం సులభం. ఒకటిలోంచి, చల్లని చోటు ఉష్ణోగ్రతను వేడి చోటు ఉష్ణోగ్రతతో భాగించి తీసివెయ్యడమే. బాయిలర్ 200 డిగ్రీలు, వదిలే ఆవిరి 100 డిగ్రీలు. ఇక్కడే సెల్సియస్‌లో భాగించి 50 శాతం అని రాసి వచ్చేస్తారు. పరీక్షలో నాలుగు ఆప్షన్లలో ఆ 50 తప్పకుండా ఉంటుంది. కెల్విన్‌లోకి మార్చాలి. 473, 373. జవాబు 21 శాతం. లోకంలో ఏ మేధావి కట్టిన ఇంజనైనా ఆ రెండు ఉష్ణోగ్రతల మధ్య అంతకు మించదు. ఆవిరిని మరింత వేడిచేసి కొంత లాభం పొందేవారు. అయినా రాపిడి, పొగ, గాలికి పోయే వేడి అన్నీ తీసేస్తే ఆవిరి రైలింజను చక్రాలకు చేరేది బొగ్గు శక్తిలో 6 నుంచి 8 శాతం. మిగతాదంతా దారి పొడుగునా ఆకాశానికే.

ఆవిరిని 100 డిగ్రీల దగ్గర వదలకుండా ఇంకా చల్లబరిచి 40 డిగ్రీల దగ్గర నీరుగా మార్చి వదిలితే? కార్నో హద్దు 34 శాతానికి పెరుగుతుంది, నీళ్ళూ వృథా కావు. 1765లోనే జేమ్స్ వాట్‌కు ఈ ఆలోచన వచ్చింది. ఆయన కండెన్సర్ అదే. కానీ కండెన్సర్‌ను చల్లబరచడానికి ఏరులా నీళ్ళు పారాలి. పట్టాల మీద పరుగెత్తే ఇంజను ఏరును వెంట మోసుకుపోలేదు. కాబట్టి గాలిలోకి ఊదేసింది. ఊదే ఆవిరి పొగగొట్టంలో పీల్పు పుట్టించి మంటకు గాలి అందించేది, అది ఒక ప్రయోజనం. మొదట్లో వేసుకున్న ప్రశ్నకు జవాబు ఇది.

క్లాసియస్, కెల్విన్ అనే భౌతిక శాస్త్రవేత్తలు ఈ ఆలోచనను 1850 ప్రాంతంలో నియమంగా స్థిరపరిచారు. ఒకే చోటు నుంచి వేడి తీసుకుని దాన్నంతా పనిగా మార్చే చక్రీయ యంత్రం ఉండదు. బయటి పని లేకుండా చల్లని చోటు నుంచి వేడి చోటుకు ఉష్ణం తానై పోదు. 1865లో క్లాసియస్ దీనికి ఎంట్రోపీ అనే కొలత ఇచ్చాడు. వేడి వస్తువు కోల్పోయిన ఉష్ణాన్ని దాని కెల్విన్ ఉష్ణోగ్రతతో భాగించండి, చల్లని వస్తువు పొందిన అదే ఉష్ణాన్ని దాని ఉష్ణోగ్రతతో భాగించండి. 600 కెల్విన్ నుంచి 300 కెల్విన్‌కు 600 జౌళ్ళు దాటితే ఒకటి పోయింది, రెండు వచ్చాయి. నికరంగా ఒకటి పెరిగింది. తిరుగు ప్రయాణంలో అది తగ్గాలి, కాబట్టి తిరుగు ప్రయాణం తనంతట తాను జరగదు. ఎంట్రోపీని గజిబిజి అనో గందరగోళం అనో చెప్పి వదిలేసే వివరణలు నాకు నచ్చవు. ఈ చిన్న భాగహారం ఒక్కసారి చేతితో చేసి చూస్తే పట్టుబడుతుంది.

ఫ్రిజ్, ఏసీ ఈ నియమానికి ఎదురు వెళ్ళినట్టు కనిపిస్తాయి. వెళ్ళవు. కరెంటు పని ఖర్చుపెట్టి గదిలోని వేడిని బయటికి తోడిపోస్తాయి, ఆ పని కూడా వేడిగానే బయట కలుస్తుంది. గదిలో ఫ్రిజ్ తలుపు తీసి పెడితే గది చల్లబడుతుందా అన్న పాత ప్రశ్నకు, చల్లబడదు, వేడెక్కుతుంది అన్నదే జవాబు.

ఈ లైను మీద ఇప్పుడు కరెంటు ఇంజన్లు నడుస్తున్నాయి. పొగ లేదు, ఆవిరి లేదు. కానీ మన కరెంటులో పెద్ద భాగం ఇంకా బొగ్గు బాయిలర్ల నుంచే. ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ కేంద్రంలో కృష్ణ నీళ్ళ పక్కన, ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రంలో నీరు మరుగుతూనే ఉంది. అక్కడ ఆవిరి 540 డిగ్రీల ప్రాంతానికి వెళుతుంది, కండెన్సర్ 40 దగ్గర ఉంటుంది. కార్నో హద్దు 61 శాతం, నిజంగా దక్కేది మూడో వంతుకు కాస్త ఎక్కువ. కృష్ణపట్నంలోని 800 మెగావాట్ల యూనిట్లలో నీటిని దాని సందిగ్ధ బిందువు, అంటే 374 డిగ్రీలు, 221 బార్ల పైకి తీసుకెళ్ళి ఇంకొంచెం రాబడతారు. దొనకొండ నీళ్ళ గొట్టం చేసిన పని ఇప్పుడు ఇబ్రహీంపట్నంలో కృష్ణ చేస్తోంది.

చివరగా, ఈ ప్రాంతపు పిల్లలకు పాఠ్యపుస్తకం గట్టిగా చెప్పని సంగతి. మన శరీరమూ ఉష్ణాన్ని వదిలి తీరాలి. ఊరికే కూర్చున్న మనిషి ఒళ్ళు దాదాపు 100 వాట్ల వేడి పుట్టిస్తుంది, బరువు పనిచేస్తుంటే దానికి కొన్ని రెట్లు. ఒళ్ళు 37 డిగ్రీలు, చర్మం 35. గాలి 25 డిగ్రీలుంటే వేడి దానంతట అదే బయటికి పోతుంది. గాలి 44 అయితే రెండో నియమం ప్రకారం వేడి మన వైపుకే వస్తుంది. వహనం, సంవహనం, వికిరణం మూడు దారులూ ఎదురు తిరుగుతాయి. మిగిలింది చెమట ఒక్కటే. చర్మం మీద ఆరే లీటరు చెమట దాదాపు 2,400 కిలోజౌళ్ళు పట్టుకుపోతుంది. గంటకు లీటరు ఆరితే 670 వాట్లు. మట్టికుండ చేసేదీ అదే. పది లీటర్ల కుండలోంచి నూరు గ్రాముల నీరు చెమ్మగా ఆరిపోతే, బయటి వేడి లోపలికి రాదనుకుంటే, మిగతా నీరు ఆరు డిగ్రీలకు దగ్గరగా చల్లబడుతుంది.

ఆరడం ఎంతవరకు చల్లబరచగలదో చెప్పేది తడి బల్బు ఉష్ణోగ్రత. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపే అంకె అది. 44 డిగ్రీల వేడి, 15 శాతం తేమ ఉన్న దొనకొండ మధ్యాహ్నంలో అది 23 డిగ్రీలే. 38 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న చీరాల మధ్యాహ్నంలో 31. అందుకే ఇక్కడ పనిచేసే నీళ్ళ కూలరు సముద్రం ఒడ్డున చేతులెత్తేస్తుంది. తడి బల్బు 35 దాటితే, నీడలో ఊరికే కూర్చున్న ఆరోగ్యవంతుడైనా గంటలు గడిచేకొద్దీ ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు. వేడి పోయే చోటు ఇక మిగలదు. పనిచేసేవాళ్ళకూ ముసలివాళ్ళకూ ఆ హద్దు ఇంకా చాలా కిందే ఉంటుంది.

దొనకొండకు ఆ చల్లని చోటు ఉంది, పొడిగాలి ఇచ్చింది. కానీ అది నీళ్ళతోనే తెరుచుకుంటుంది. తీరంలో చెమట కారి కిందపడుతుంది కాబట్టి ఎంత పోయిందో కంటికి కనిపిస్తుంది. ఇక్కడ పుట్టినది పుట్టినట్టే ఆరిపోతుంది, చొక్కా పొడిగానే ఉంటుంది, దాహం ఆలస్యంగా తెలుస్తుంది. పలకల గనిలో, పట్టాల మీద, మే నెలలో పరీక్ష కేంద్రం గేటు ముందు నిలబడ్డ మనిషి ఒంట్లోంచి గంటకు లీటరు దాకా ఆ విధంగా పోగలదు. దాహం వేసేదాకా ఆగకుండా తరచుగా ఉప్పు మజ్జిగో నీళ్ళో తాగమనడం ఇందుకే.